చిన్న విమానం – ఇంధనపు లెక్క

ఆకాశంలో పోతున్న విమానపు యంత్రం ఆగిపోతే ఆ విమానం రాయివలె నేలకు రాలుతుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. అది నిజం కాదు. యంత్రం ఆగిన విమానం గాలిలో జారుతూ, తన రెక్కల బలం మీదనే కొంత దూరం ప్రయాణం చేస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో చాలకుడు ఏమి చేయాలన్నది ఒక ప్రశ్న. అసలు యంత్రం ఎందుకు ఆగిందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం వెదకబోతే ఒక విచిత్రమైన సంగతి బయటపడుతుంది. అనేక సందర్భాలలో యంత్రంలో ఏ లోపమూ ఉండదు. ఇనుము విరగలేదు, కవాటం చెడలేదు. ఇంధనం దానికి అందలేదు, అంతే.

బొగ్గుగనుల ప్రాంతంలో ఉండే మనకు విమానాల గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మన రామగిరి ఖిల్లా కొండల నుండి ఎంతో దూరం లేని బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం పక్కన ఒక విమాన మైదానం వెలసింది. 1980లలో వాయుదూత్ సంస్థ కొంతకాలం అక్కడికి చిన్న విమానాలు నడిపింది. ఆ సంస్థ అంతరించింది, ఆ మైదానానికి రాకపోకలూ ఆగిపోయినవి. అయినా దాని పక్కగా రాజీవ్ రహదారి మీద బస్సులో పోతున్నప్పుడు కిటికీ వైపు జరిగి చూసే విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు. వారిలో కొందరు ఇంటర్మీడియట్ గణితం ముగించి విమాన చాలక శిక్షణ గూర్చి వాకబు చేయడం నేను ఎరుగుదును. హైదరాబాదు బేగంపేటలో అటువంటి శిక్షణాలయం ఉన్నది. (రామగిరి ఖిల్లా పాదం చెంత ఉన్న గ్రామం పేరు కూడా బేగంపేటయే కావడం ఒక ముచ్చట.) తండ్రులు గనిలో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము ఆ శిక్షణకు వెచ్చించేటప్పుడు, ఆ విద్యలోని మొదటి పాఠం ఏమిటో కుటుంబమంతటికీ తెలియడం మంచిది. నేను తెలుగు బోధించేవాడను, యంత్రశాస్త్రం నా వృత్తి కాదు. అయినప్పటికీ ఈ విషయంలోని తర్కం ఇంటి లెక్కల పుస్తకం వంటిది గనుక దానిని వివరించే సాహసం చేస్తున్నాను.

ముందు యంత్రం సంగతి. ఇక్కడ చెప్పుకొనేవి ఒకరిద్దరు, లేదా నలుగురు కూర్చునే చిన్న విమానాలు. శిక్షణాలయాలలో విరివిగా కనిపించే సెస్నా 152, సెస్నా 172 వంటివి. పెద్ద జెట్ విమానాలలోని యంత్రంతో వీటి యంత్రానికి పోలిక లేదు. ఇవి మోటారుకారు యంత్రానికి దగ్గరి చుట్టాలు. నాలుగు సిలిండర్లు, పిస్టన్లు, కార్బురేటరు, స్పార్కు ప్లగ్గులు, అన్నీ మనకు పరిచయమైన పేర్లే. అటువంటి యంత్రానికి మూడు వస్తువులు కావాలి. గాలి, ఇంధనం, నిప్పురవ్వ. వీటిలో నిప్పురవ్వ విషయంలో నిర్మాతలు అతి జాగ్రత్త వహించినారు. ప్రతి సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, వాటికి రవ్వనిచ్చే మాగ్నెటోలు రెండు. ఈ మాగ్నెటోలకు బ్యాటరీతో పని లేదు, యంత్రం తిరుగుతున్నంతసేపు అవి తమ విద్యుత్తును తామే పుట్టించుకుంటాయి. ఒకటి చెడినా రెండవది నడిపిస్తుంది. గాలి ఎట్లాగూ ఆకాశంలో ఉన్నదే. ఇక మిగిలింది ఇంధనం. దానికి మాత్రం రెండవ ఏర్పాటు ఏదీ లేదు. దాని లెక్క చూడవలసినవాడు మనిషి.

ఇంధనం అందకపోవడంలో రెండు విధాలు ఉన్నాయి. టాంకీలలో ఉన్నదంతా అయిపోవడం మొదటిది. టాంకీలో ఉండి కూడా యంత్రానికి చేరకపోవడం రెండవది. మొదటిదానిని ఇంధన క్షయమనీ, రెండవదానిని ఇంధన నిరోధమనీ పిలుచుకుందాము. అమెరికాలో ప్రమాద విచారణ జరిపే జాతీయ రవాణా భద్రతా మండలి 2017లో ఒక హెచ్చరిక పత్రం వెలువరించింది. 2011 నుండి 2015 వరకు ఆ దేశంలో ఇంధన నిర్వహణ లోపం వల్ల చిన్న విమానాల ప్రమాదాలు ఏటా సగటున 50కి పైగా జరిగినవని అందులో ఉన్నది. వాటిలో 56 శాతం ఇంధన క్షయం, 35 శాతం ఇంధన నిరోధం. నన్ను ఆలోచింపజేసిన అంకె ఇంకొకటి. ఆ ప్రమాదాలకు గురైన చాలకులలో శిక్షణార్థులు కేవలం 2 శాతం. దాదాపు సగం మంది వృత్తి చాలకులు, అంటే ఉన్నతమైన లైసెన్సు కలవారు! కొత్తవాడు భయపడి రెండుసార్లు కొలుస్తాడు, పాతవాడు ఒకసారి చూసి సరిపోతుందిలే అనుకొంటాడు. ఉర్దూలోను, మన తెలంగాణ వాడుకలోను ఒకే మాట ఉన్నది కదా, అందాజా అని. హిసాబుకు, అందాజాకు గల భేదమే ఈ వ్యాసంలోని సారమంతా అనుకున్నా తప్పులేదు.

ఒక హిసాబు చేసి చూద్దాము. బేగంపేట నుండి బసంత్‌నగర్‌కు పక్షి ఎగిరే దారిలో దూరం సుమారు 170 కిలోమీటర్లు. పోయిరావడానికి 340. సెస్నా 152 విమానం గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో పోతుంది, గంటకు 23 లీటర్లకు అటూఇటుగా పెట్రోలు తాగుతుంది. దాని రెండు టాంకీలలో కలిపి వాడుకోదగిన ఇంధనం 92 లీటర్లు. గాలి లేని రోజున పోయిరావడానికి పట్టేది 1 గంట 53 నిమిషాలు, ఖర్చు 44 లీటర్లకు లోపు. ఇప్పుడు టాంకీలు సగం నిండి ఉన్నాయనుకోండి. సగమంటే 46 లీటర్లు. కావలసింది 44, ఉన్నది 46. కాగితం మీద సరిపోయింది! అందాజా చాలకుడు ఇక్కడే బయలుదేరుతాడు.

ఇక గాలి సంగతి చూడండి. పోయేటప్పుడు ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుండి తోస్తుంది. పోయినది వచ్చినదానితో సరి, లెక్క మారదని మన విద్యార్థులలో నూటికి తొంభైమంది చెబుతారు. కాని మారుతుంది. పోయేటప్పుడు వేగం 140, పట్టే సమయం 73 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 220, పట్టే సమయం 46 నిమిషాలు. మొత్తం 1 గంట 59 నిమిషాలు. ఆలస్యపు దారిలో ఎక్కువసేపు ఉంటాము, లాభపు దారిలో తక్కువసేపు ఉంటాము. అందుచేత గాలి ఎటు నుండి ఎటు వీచినా రానుపోను ప్రయాణానికి నష్టమే తప్ప లాభం లేదు. ఇప్పుడు ఖర్చు 46 లీటర్లకు చేరింది, అంటే ఉన్నదంతా! యంత్రం వేడెక్కడానికి, నేల మీద నడవడానికి, పైకెక్కడానికి మరి 5 లీటర్లు. మానేరు మీద ఒక మబ్బు అడ్డు వచ్చి పావుగంట చుట్టు తిరిగితే ఇంకొక 6 లీటర్లు. ఇవిగాక, గమ్యం చేరిన తర్వాత కూడా పగటిపూట అరగంటకు, రాత్రిపూట ముప్పావు గంటకు సరిపడే ఇంధనం మిగిలి ఉండేటట్లు బయలుదేరాలని అమెరికా నియమావళి శాసిస్తున్నది. అరగంటకు 11 లీటర్లకు పైమాటే. కూడితే 68 లీటర్లు. 44కూ 68కీ ఉన్న తేడా ఎంతో చూడండి. సగం టాంకీతో బయలుదేరిన విమానం తిరుగు ప్రయాణంలో ఏ సిద్ధిపేట జిల్లా పొలాల మీదనో మౌనం వహిస్తుంది.

టాంకీలో ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ముల్లు ఉన్నది కదా అంటారా? చిన్న విమానాల ఇంధన సూచికలు నమ్మదగినవి కావు. టాంకీ వెడల్పుగా, లోతు తక్కువగా రెక్కలో పడుకొని ఉంటుంది. విమానం కాస్త ఒరిగితే ముల్లు ఊగుతుంది. అందుచేత మంచి చాలకుడు రెక్క మీది మూత తీసి, గుర్తులు గీసిన కర్ర ముంచి చూస్తాడు. లారీ డ్రైవర్లు డీజిలు టాంకీలో పుల్ల ముంచి చూడడం మనం ఎరిగినదే, ఇదీ అదే విద్య.

కొలతలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. అది పరిమాణాల భాష. కొన్ని విమానాల పుస్తకాలలో గాలన్లు ఉంటాయి, మన బంకులో లీటర్లు ఉంటాయి, బరువు లెక్కకు కిలోగ్రాములు కావాలి, అమెరికా పుస్తకంలో పౌనులు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి 22,300 కిలోగ్రాముల ఇంధనం కావలసి ఉండగా, లీటరుకు పౌనుల లెక్కను కిలోగ్రాముల లెక్క అనుకొని 22,300 పౌనులే ఉండేటట్లు నింపినారు. అంటే సగానికి తక్కువ. 41,000 అడుగుల ఎత్తున యంత్రాలు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయినవి. చాలకుడికి గ్లైడరు విద్య తెలిసి ఉండడం వల్ల గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దింపి అందరినీ బ్రతికించినాడు. అంత పెద్ద విమానానికి, అంతమంది లెక్కలు చూసేవారికి ఈ పొరపాటు జరిగితే, ఒంటరిగా బయలుదేరే చిన్న చాలకుడి మాట చెప్పవలెనా? భౌతికశాస్త్ర ప్రయోగ పుస్తకంలో ప్రమాణం రాయకపోతే మార్కు కోత వేసే అధ్యాపకుల మీద కోపం తెచ్చుకునే విద్యార్థులు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

ఇంధన నిరోధానికి వద్దాము. ఇది మరింత బాధాకరమైనది, ఎందుకంటే విమానంలో ఇంధనం ఉంటుంది. సెస్నా వంటి విమానాలకు రెక్కలు పైన ఉంటాయి గనుక పెట్రోలు భూమ్యాకర్షణతోనే కిందికి దిగుతుంది. సెస్నా 172లో ఎడమ, కుడి, రెండూ, బంద్ అనే నాలుగు స్థానాలు గల ఒక మీట ఉంటుంది. పైపర్ చెరకీ వంటి, రెక్కలు కింద ఉన్న విమానాలలో పంపు ఇంధనాన్ని పైకి లాగుతుంది. అక్కడ ‘రెండూ’ అనే స్థానం ఉండదు. కారణం చాలా సులువైనది. రెండు గ్లాసులలో రెండు గొట్టాలు పెట్టి ఒకేసారి పీల్చండి. ఒక గ్లాసు ఖాళీ అయిన మరుక్షణం మీ నోటికి వచ్చేది గాలి, రెండవ గ్లాసు నిండుగా ఉన్నా సరే. కనుక చాలకుడు అరగంటకొకసారి గడియారం చూసి టాంకీ మార్చుకోవాలి. మరచిపోతే ఒక టాంకీ ఎండిపోయి, రెండవది నిండుగా ఉండగానే యంత్రం ఆగుతుంది. పాత మోటారు సైకిళ్ళ మీద తిరిగిన తండ్రులను అడగండి. బండి ఆగగానే చెయ్యి రిజర్వు మీటకు పోయేది. నేల మీద అది నవ్వులాట. వేయి అడుగుల ఎత్తున ఆ మీట ఎటు ఉన్నదో వెదుక్కునే పరిస్థితి రాకూడదు.

అటువంటి పరిస్థితియే 1997 అక్టోబరు 12న ప్రసిద్ధ అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్‌కు వచ్చింది. ఆయన అప్పుడే కొన్న లాంగ్-ఈజెడ్ అనే చిన్న విమానంలో, దానిని నిర్మించినవాడు ఇంధనపు మీటను అసలు నమూనాలో ఉన్న చోట గాక చాలకుడి ఎడమ భుజం వెనుక అమర్చినాడు. దానిని తిప్పాలంటే మనిషి వెనుకకు మెలి తిరగాలి. మీటకు ఏ స్థానం ఏదో తెలిపే గుర్తులు లేవు. ఇంధన సూచికను చూడాలన్నా వెనుకకు తిరగవలసిందే. కొద్దిసేపే ఎగురుతాను గనుక ఇంధనం పోయనక్కరలేదని ఆయన చెప్పి బయలుదేరినాడు. విమానం కాలిఫోర్నియా తీరాన సముద్రంలో పడిపోయింది. మీట కోసం వెనుకకు తిరిగేటప్పుడు కాలు తెలియకుండా చుక్కాని పెడలును తొక్కి ఉంటుందని విచారణ తేల్చింది. ఆయన వేల గంటలు ఎగిరిన అనుభవజ్ఞుడు. ఆ విమానం మాత్రం కొత్తది. అనుభవం మనిషికి ఉంటుంది గాని మీట ఉండే చోటు విమానానికి ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి.

నిరోధానికి మీట ఒక్కటే కారణం కాదు. టాంకీ పైన గాలి లోపలికి పోవడానికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది. కందిరీగ దానిలో మట్టిగూడు కట్టితే చాలు. కిరసనాయిలు డబ్బాకు ఒకే రంధ్రం పొడిచి ఒంపితే ధార తడబడి ఆగిపోవడం, రెండవ రంధ్రం పొడవగానే సాఫీగా రావడం మనం చిన్నప్పుడే గమనించినాము. లోపల ఖాళీ అయిన చోటికి గాలి పోకపోతే ద్రవం బయటికి రాదు.

ఇంకొకటి నీరు. రాత్రి చల్లబడిన టాంకీ గోడలకు తేమ పట్టి నీటిబొట్లుగా జారుతుంది. వానలో మూత సరిగా బిగియకపోయినా నీరు చేరుతుంది. విమాన పెట్రోలు లీటరు బరువు సుమారు 720 గ్రాములు, నీరు వేయి గ్రాములు. కనుక నీరు అడుగుకు చేరుతుంది, యంత్రానికి మొదట అందేది ఆ అడుగునుండే. ప్రతి ఉదయం చాలకుడు టాంకీ అడుగున ఉన్న చిన్న కవాటాన్ని నొక్కి, గాజు గ్లాసులోకి కొంత ఇంధనం దింపి వెలుతురులో చూస్తాడు. నీరు ఉంటే అడుగున వేరుగా బొట్టుకట్టి కనబడుతుంది. మన భూగర్భ గనులలో షిఫ్టు దిగకముందు మైనింగు సర్దారు పోయి పైకప్పు వద్ద గాలిని పరీక్షించి, సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టి రావడం మనందరికీ తెలిసిన ఆచారం. మీథేను గాలికంటె తేలిక గనుక అతడు కప్పు దగ్గర వెదకుతాడు, నీరు పెట్రోలు కంటె బరువు గనుక ఇతడు అడుగున వెదకుతాడు. నిన్న లేదు గనుక నేడూ ఉండదని ఇద్దరూ అనుకోకూడదు. సర్దారుకు సంతకం ఉన్నది, చిన్న విమానపు చాలకుడికి చాలాసార్లు ఎవరూ సంతకం అడగరు. ఆ భేదం చిన్నది కాదని నా అభిప్రాయం.

ఆ గాజు గ్లాసు ఇంకొక రహస్యం కూడా చెబుతుంది. నేడు చిన్న విమానాలలో వాడే పెట్రోలుకు నీలిరంగు కలుపుతారు. జెట్ విమానాల ఇంధనం కిరసనాయిలు జాతిది, గడ్డిరంగులో ఉంటుంది. పిస్టను యంత్రంలో జెట్ ఇంధనం పోస్తే గొట్టాలలో మిగిలిన మంచి పెట్రోలుతో విమానం లేచేదాకా లేస్తుంది, ఆ తర్వాత యంత్రం దగ్గి శక్తి కోల్పోతుంది. 1978లో సుప్రసిద్ధ చాలకుడు బాబ్ హూవర్ విమానానికి ఒక కుర్రవాడు పొరపాటున జెట్ ఇంధనం పోసినాడు. రెండు యంత్రాలూ ఆగినా హూవర్ దానిని ఒక లోయ గట్టు మీదికి దించి తనతో ఉన్నవారి ప్రాణాలు కాపాడినాడు. తిరిగి వచ్చి ఆ కుర్రవాడిని తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేసి, రేపు నా రెండవ విమానానికి నీవే ఇంధనం పోయాలి, ఇక నీవు ఈ తప్పు మళ్ళీ చేయవు అన్నాడట. తరువాత జెట్ ఇంధనపు గొట్టం మూతిని వెడల్పు చేసి, పెట్రోలు టాంకీ నోటిని ఇరుకు చేసి, పట్టనివ్వకుండా చేసే ఏర్పాటు వ్యాపించింది. మనిషిని నమ్ముతూనే మూతిని మార్చడం, ఈ రెండూ కలిసిన మర్యాద నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు వినడానికి అబద్ధంలా తోచే ఒక విషయం. మన రామగుండం ఎండలకు పేరుపొందిన ఊరు. ఇటువంటి చోట విమాన యంత్రం గొంతులో మంచుగడ్డ కడుతుందంటే నమ్ముతారా? కార్బురేటరులో ఒక సన్నని నడుము ఉంటుంది. అక్కడ గాలి వేగంగా దూరుతుంది. వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. అదే చోట పెట్రోలు తుంపరగా మారి ఆవిరవుతుంది. ఆవిరయ్యేది ఏదైనా చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. వేసవిలో మట్టికూజాలో నీరు చల్లబడే రహస్యం ఇదే. కూజా ఒంటి నుండి నీరు ఆవిరై లోపలి వేడిని తీసుకొనిపోతుంది. నీటికంటె పెట్రోలు చాలా చురుకుగా ఆవిరవుతుంది గనుక కార్బురేటరు నడుములో ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పైగా పడిపోగలదు. బయట 21 డిగ్రీలు, గాలిలో తేమ ఎక్కువ ఉన్నదనుకోండి. లోపల సున్నాకు దిగువన! గాలిలోని తేమ గోడలకు మంచుగా అంటుకుంటుంది, దారి ఇరుకవుతుంది, యంత్రానికి ఊపిరి ఆడదు. 38 డిగ్రీల బయటి వేడిలో కూడా, తేమ తగినంత ఉంటే, ముఖ్యంగా యంత్రాన్ని తగ్గించి కిందికి దిగేటప్పుడు, ఇది జరగవచ్చునని అమెరికా విమానయాన శాఖ బోధిస్తున్నది. కనుక మన మే నెల పొడి ఎండకంటె శ్రావణమాసపు ముసురు ఈ విషయంలో ప్రమాదకరం.

దీనికి విరుగుడు ఉన్నది. పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలిని కార్బురేటరుకు మళ్ళించే మీట లాగితే మంచు కరుగుతుంది. అయితే ఇక్కడొక పరీక్ష. మీట లాగిన వెంటనే యంత్రం బాగుపడదు, ఇంకా పాడవుతుంది. వేడిగాలి పలుచన గనుక శక్తి మరికొంత తగ్గుతుంది, కరిగిన నీరు సిలిండర్లలోకి పోయి యంత్రం గడగడలాడుతుంది. కంగారుపడిన చాలకుడు, ఈ మీటే కొంప ముంచిందనుకొని దానిని వెనుకకు నెట్టేస్తాడు. మంచు మళ్ళీ కడుతుంది. ఓర్చి కొద్దిసేపు ఆగినవాడికి చక్రభ్రమణం మెల్లగా పెరిగి, యంత్రం స్వరం సరిపడుతుంది. చేదు మందు మింగి కాసేపు కూర్చోవడం వంటిది ఇది. పుస్తకంలో చదివినవాడికి గాని ఆ ఓర్పు రాదు.

ఎండాకాలపు శక్తిక్షయం వేరు. అది ఆకస్మికం కాదు, లేచేముందే ఉంటుంది. వేడిగాలి వ్యాకోచించి పలుచనవుతుంది. మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తు. 45 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి సాంద్రత, పుస్తకాలలోని ప్రామాణిక గాలికంటె సుమారు 12 శాతం తక్కువ. అంటే యంత్రం ప్రతి ఊపిరిలోనూ అంత తక్కువ గాలి పీలుస్తుంది, శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. రెక్కకూ పలుచని గాలియే, పంఖాకూ పలుచని గాలియే. విమానం సుమారు 4,400 అడుగుల కొండ మీది మైదానం నుండి లేచినట్లే ఉంటుంది. నేల మీద ఎక్కువ దూరం పరుగెత్తుతుంది, పైకి బద్ధకంగా ఎక్కుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలుచబడి ఇంధనం పాలు ఎక్కువవుతుంది గనుక మిశ్రమాన్ని సరిదిద్దే ఎర్ర గుబ్బ కూడా చాలకుడి చేతిలో ఉంటుంది. బరువులో గాలి పదిహేను పాళ్ళకు పెట్రోలు ఒక పాలు అన్నది స్థూలమైన కొలత. ఇంధనం మిక్కుటమైతే ప్లగ్గులకు మసి, వృథా ఖర్చు. మరీ తక్కువైతే అకాల విస్ఫోటాలు, వేడి. పైన లెక్క వేసిన గంటకు 23 లీటర్లన్నది ఈ గుబ్బను సరిగా తిప్పినవాడి లెక్క, తిప్పనివాడికి ఇంకా ఎక్కువే కాలుతుంది.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా యంత్రం ఆగితే? మొదటి పని విమానం ముక్కును తగినంత దించి, జారుడుకు అనువైన వేగం నిలుపుకోవడం. సెస్నా 172కు అది గంటకు 120 కిలోమీటర్ల చిల్లర. ఆ వేగంతో విమానం ఒక మీటరు దిగేలోపు సుమారు 9 మీటర్లు ముందుకు పోతుంది. వేయి మీటర్ల ఎత్తున ఉంటే గాలి లేనప్పుడు 9 కిలోమీటర్లు, దాదాపు నాలుగున్నర నిమిషాలు. ఆ లోపల దిగే చోటు ఎంచుకొని, దానివైపు తిరిగి, అప్పుడు కారణం వెదకాలి. టాంకీ మార్చి చూడడం, కార్బురేటరుకు వేడిగాలి, ఎర్ర గుబ్బ పూర్తిగా లోపలికి, పంపు ఉంటే పంపు, మాగ్నెటోల తాళం. రేడియోలో చెప్పడం ఆ తరువాత. మాట్లాడడం వల్ల విమానం ఎగరదు.

ఎత్తు ఉన్నవాడికి ఇన్ని నిమిషాలు. లేనివాడికి ఏమీ లేదు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి మన కరీంనగర్‌కు రావలసిన నటి సౌందర్య ఎక్కిన సెస్నా 180 విమానం బెంగుళూరు జక్కూరు మైదానం నుండి లేచిన కొద్ది క్షణాలకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో కూలి, ఆమె, ఆమె సోదరుడు, మరి ఇద్దరు మరణించినారు. ఇక్కడ దానిని తలచుకోవడం ఎత్తు సంగతి చెప్పడానికే. నేల విడిచిన తొలి నిమిషంలో చాలకుడి చేతిలో కాలమూ లేదు, దూరమూ లేదు. 120 మీటర్ల ఎత్తున యంత్రం ఆగితే నేల తాకడానికి అరనిమిషం. విషయం గ్రహించడానికి మూడు నాలుగు సెకన్లు పోతాయి. వెనుదిరిగి మైదానానికి చేరాలంటే మలుపుకే ఇరవై సెకన్లకు పైగా పడుతుంది. మలుపును బిగిస్తే రెక్కలకు భారం పెరిగి, విమానం నిలదొక్కుకోవడానికి కావలసిన కనీస వేగం కూడా పెరుగుతుంది, 45 డిగ్రీల ఒరుగులో దాదాపు 19 శాతం. వెనుకనున్న మైదానం అమ్మ ఒడివలె పిలుస్తుంది, కాని పోరాదు. ఎదురుగా, కొంచెం ఎడమకో కుడికో, దొరికిన నేల మీదనే దిగాలని శిక్షకులు మొదటి వారం నుండి చెబుతారు.

మన ప్రాంతంలో ఆ నేల ఎక్కడున్నదని ఒక విద్యార్థి అడిగినాడు. మంచి ప్రశ్న. బసంత్‌నగర్ పైన ఎగిరేవాడికి ఒకవైపు విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, అక్కడినుండి నలుదిక్కులా పరచుకున్న హైటెన్షను తీగలు. ఇంకొకవైపు ఓపెన్‌కాస్టు గోతులు, వాటి పక్కన మట్టిగుట్టలు, వాటి మీద డంపర్ల బాటలు. బాట వెడల్పుగా కనిపిస్తుంది గాని దాని మీద డంపరు వస్తుంటుంది. పొలాలలో నాట్లు వేసిన మడి కంటె కోత అయిన మడి మేలు, మడి గట్టుకు అడ్డంగా గాక గట్టు పొడవునా దిగాలి. వేసవిలో గోదావరి ఇసుక విశాలంగా కనిపిస్తుంది, కాని మెత్తని ఇసుకలో ముందుచక్రం దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. కనుక ఒడ్డున గట్టిపడిన మేట చూసుకోవాలి. తీగలు పైనుండి కనిపించవు, స్తంభాలు కనిపిస్తాయి. రెండు స్తంభాలు చూసిన చోట మధ్యలో తీగ ఉన్నదనే ఎంచి దానికి పైనుండి దాటాలి.